షిప్పులో వాంతులైతే దాచకండి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు ఈమధ్య కరేబియన్ క్రూజ్ కూడా చూసొస్తున్నారు. మంచిదే. కాకపోతే పెద్ద షిప్పంటే నీళ్ల మీద తేలే ఓ ఊరు. వేలమంది బఫేలో అవే గరిటెలు పట్టుకుని వడ్డించుకుంటారు. లిఫ్టు బటన్లు, మెట్ల రెయిలింగులూ అందరివీ. నోరోవైరస్‌కు ఇంకేం కావాలి? కొద్దిపాటి కణాలు నోట్లోకి వెళ్లినా 12 నుంచి 48 గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి.

డైనింగ్ హాలు గుమ్మంలో చేతిలో వేసే శానిటైజర్ దీనిమీద అంతగా పనిచేయదు. సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాల్సిందే.

జబ్బు తగ్గేదాకా గది దాటనివ్వరు. ఆ భయంతోనే కొందరు ‘సముద్రం పడలేదులే’ అని దాచేస్తారు. సముద్రం పడకపోతే వాంతులవుతాయి గానీ సాధారణంగా విరేచనాలు కావు. పెద్దవయసులో ఈ దాపరికం ప్రమాదం. బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఓఆర్ఎస్ తాగుతూ వెంటనే షిప్పు డాక్టరుకు చెప్పండి. ఆ మాత్రలు, మెట్‌ఫార్మిన్ ఆపాలా వద్దా అన్నది అక్కడే అడగండి.

అన్నట్టు, మందులూ ప్రిస్క్రిప్షనూ చేతిసంచిలోనే ఉండాలి. ఎక్కేటప్పుడు అప్పగించిన సూట్‌కేసు గదికి చేరేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది.