మంట ఆరినా అద్దం చల్లారదు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ల హాల్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ తరచూ కనిపిస్తుంది. స్విచ్ నొక్కితే మంట వస్తుంది, మళ్లీ నొక్కితే ఆరిపోతుంది. పొగ ఉండదు, బూడిద ఎత్తే పని లేదు. అచ్చం టీవీలో మంటలా ఉంటుంది. కుంపటి దగ్గరికి పోవద్దని పిల్లల్ని కసిరే అమ్మమ్మ కూడా దీన్ని చూసి భయపడదు. చిక్కంతా అక్కడే.

వీటి సామర్థ్యం సాధారణంగా గంటకు 20,000 నుంచి 40,000 బీటీయూ దాకా ఉంటుంది. 30,000 అనుకుంటే 8.8 కిలోవాట్లు. మన బాత్రూముల్లో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు నాలుగు ఒకేసారి వేసినా అంత రాదు. వెలిగించిన 6 నిమిషాలకే ముందున్న అద్దం 93 డిగ్రీల సెల్సియస్ (200 ఫారెన్‌హీట్) దాటవచ్చు. సిరామిక్ అద్దానికైతే అక్కడి ప్రమాణాల్లో ఉన్న గరిష్ఠ పరిమితి 1,328 ఫారెన్‌హీట్, అంటే 720 సెల్సియస్! అది అద్దం పగలకుండా పెట్టిన హద్దే తప్ప చెయ్యి కాలకుండా పెట్టింది కాదు.

మరి చెయ్యి ఎంత ఓర్చుకుంటుంది? 1947లో హార్వర్డ్ పరిశోధకులు మోరిట్జ్, హెన్రిక్స్ వేడినీటితో తేల్చిన లెక్క ఇది: 44 డిగ్రీల దగ్గర చర్మం కాలడానికి 6 గంటలు పడుతుంది, 60 డిగ్రీల దగ్గర 5 సెకన్లు చాలు. పసిపిల్లల చర్మం ఇంకా పల్చన.

అందుకే 2015 జనవరి 1 నుంచి, అద్దం 78 డిగ్రీలు (172 ఫారెన్‌హీట్) దాటే ఫైర్‌ప్లేస్‌లకు ముందు రక్షణ తెర ఉండాలన్న నిబంధన వచ్చింది. 60కే కాలితే 78 దాకా ఎందుకు వదిలారు? నీళ్లూ లోహమూ ఇచ్చినంత వేగంగా అద్దం చర్మానికి వేడినివ్వదు. పెద్దవాళ్లం ఈలోపు చెయ్యి లాగేసుకుంటాం. అప్పుడే నడక నేర్చిన బిడ్డ అలా చెయ్యడు. తూలి, రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, దాన్నే పట్టుకుని నిలబడతాడు. 1999 నుంచి 2009 మార్చి వరకు ఇలా కాలిన అయిదేళ్ల లోపు పిల్లలు 2,000 మందికి పైనే అని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ అంచనా.

అన్నిటికన్నా మోసపుచ్చే అంకె 45. మంట ఆర్పేశాక అద్దం ముట్టుకోదగినంత చల్లబడడానికి సగటున పట్టే నిమిషాలవి. కంటికి మంట కనపడదు, అద్దం మాత్రం కాలుతూనే ఉంటుంది.

కర్టెన్లు, సోఫా, బొమ్మలు 3 అడుగుల దూరంలో ఉండాలి. చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి, టూత్‌పేస్ట్ పుయ్యకండి. మీ ఫైర్‌ప్లేస్ 2015కు ముందుదైతే తెర ఉండకపోవచ్చు. ఈ చలికాలం స్విచ్ నొక్కే ముందే ఒకటి కొని బిగించండి.