గోటి మీద గ్రానైట్‌ మెరుపు!

వంటింటి గట్టు మీద నల్లటి గ్రానైట్‌. లైటు వేయగానే లోపల్నుంచి బంగారు చుక్కలు తళుక్కుమంటాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి గనుల్లో దొరికే ఆ రాయి పేరు బ్లాక్‌ గెలాక్సీ. అచ్చం ఆ రాతినే చెక్కి తొడిగినట్టు అమ్మాయి గోళ్లు మెరుస్తుంటే... ఎవరైనా అడక్కుండా ఉంటారా, ఎలా వేశావని? జవాబు వింటే మరీ ఆశ్చర్యం. కుంచె కాదు, స్టిక్కరూ కాదు. అరంగుళం స్పాంజి ముక్కతో అద్దిన జెల్‌ రంగు!

వేయడం తేలికే. అయితే స్పాంజి రంగును గోటికే కాదు, పక్కనున్న చర్మానికీ అంటిస్తుంది. మామూలు రంగయితే తుడిచేసి ఊరుకోవచ్చు. జెల్‌తో అలా కాదు. అందుకే ఈ అలంకరణలో అందం, జాగ్రత్త రెండూ కలిపే నేర్చుకోవాలి.

ఊదితే ఆరదు
మామూలు నెయిల్‌ పాలిష్‌లోని ద్రావకం గాలికి ఆవిరైపోతుంది, రంగు మిగులుతుంది. జెల్‌ని గంటసేపు ఊదినా ఆరదు. అందులో ఉండేది మిథాక్రిలేట్‌ తరహా రసాయనాల మిశ్రమం. అతినీలలోహిత కాంతి తగిలితే ఆ అణువులు ఒకదానితో ఒకటి గొలుసుల్లా అల్లుకుని ప్లాస్టిక్‌లా గట్టిపడతాయి. అందుకే చేతివేళ్లు పట్టేంత చిన్న ల్యాంపు కావాలి. ఎల్‌ఈడీ ల్యాంపు అయితే సాధారణంగా ఒక్కో పూతకు 30 నుంచి 60 సెకన్లు చాలు. 2010లో సీఎన్‌డీ కంపెనీ ‘షెలాక్‌’ పేరుతో ఇలాంటి రంగు తెచ్చాక జెల్‌ పాలిష్‌ ప్రపంచమంతా పాకింది. రెండు మూడు వారాలు చెక్కుచెదరకుండా ఉండటమే దాని ఆకర్షణ.

అద్దాలి... రాయకూడదు
ముందు గోళ్లు కత్తిరించి, పైమెరుపు పోయేలా బఫర్‌తో తేలిగ్గా రుద్దాలి. ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌తో తుడిస్తే జిడ్డు పోతుంది. బేస్‌ జెల్‌ పల్చగా వేసి ల్యాంపులో పెట్టాలి. ఆపైన నల్లరంగు రెండు పల్చటి పూతలు. ఒక్కో పూత తర్వాత మళ్లీ ల్యాంపు.

ఇప్పుడు అసలు పని. మేకప్‌ స్పాంజికి రంధ్రాలు సన్నగా ఉంటాయి. రెండు రంగుల్ని ఒకదాంట్లోకి ఒకటి కలపడానికి అది బాగుంటుంది. రాతి రూపం రావాలంటే గిన్నెలు తోమే స్పాంజిలాంటి పెద్ద రంధ్రాలది మేలు. కొత్తదే వాడాలి. కత్తెరతో నీటుగా కోయకుండా చేత్తో చింపితే అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది. చుక్కలు అచ్చు గుద్దినట్టు కాకుండా సహజంగా పడతాయి.

అల్యూమినియం ఫాయిల్‌ మీద బంగారు రంగు జెల్‌ పెసరగింజంత తీసుకోవాలి. స్పాంజి ముక్కను ట్వీజర్స్‌తో పట్టుకుని రంగులో తాకించి, ముందు ఫాయిల్‌ మీదే నాలుగైదుసార్లు అద్ది ఎక్కువైనది వదిలించాలి. ఆ తర్వాతే గోటిమీద నిలువుగా తాకించి, నిలువుగానే పైకి తీయాలి. లాగితే చుక్క కాస్తా గీత అవుతుంది. బంగారం తర్వాత అక్కడక్కడా వెండి రంగు. నలుపు సగానికి పైగా కనిపిస్తేనే అది గెలాక్సీ!

స్పాంజి లేచేటప్పుడు జెల్‌ చిన్న చిన్న మొనలుగా నిలబడుతుంది. గరుకుదనం వచ్చేది వాటివల్లే. కానీ అయిదు వేళ్లూ పూర్తయ్యేదాకా ఆగితే అవి కరిగి చదునైపోతాయి. అందుకని ఒకట్రెండు వేళ్లు పూర్తవగానే పది సెకన్లు ల్యాంపులో పెట్టి, చివర్లో అన్నిటినీ కలిపి పూర్తిసమయం ఉంచాలి. గరుకుగానే కావాలంటే మ్యాట్‌ టాప్‌కోట్‌ పల్చగా వేయాలి. నునుపు పెట్టిన రాయిలా కావాలంటే మెరిసే టాప్‌కోట్‌. ఆఖర్న పైన జిగురుగా తగిలితే కంగారుపడక్కర్లేదు. గాలిలోని ఆక్సిజన్‌ వల్ల పైపొర పూర్తిగా గట్టిపడదు. ఆల్కహాల్‌తో తుడిస్తే సరి.

చర్మానికి తగిలితే...
గట్టిపడని జెల్‌ చర్మానికి పదేపదే తగిలితే కొందరిలో ఎలర్జీ మొదలవుతుంది. వేళ్లు ఎర్రబడి దురద, పగుళ్లు, గోరు ఊడి లేవడం... ఒక్కోసారి ఆ వేళ్లు తాకిన కనురెప్పల మీదా దద్దుర్లు. బ్రిటన్‌, ఐర్లండ్‌లలోని 13 చర్మవ్యాధుల కేంద్రాల్లో 2017లో ఎలర్జీ పరీక్షలకు వచ్చిన 4,931 మందిని చూస్తే 2.4 శాతం మందికి మిథాక్రిలేట్లు పడటం లేదని తేలింది. ఒకసారి ఈ ఎలర్జీ వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పళ్లకు వేసే తెల్ల ఫిల్లింగుల్లో, కీళ్ల మార్పిడిలో వాడే సిమెంటులో ఉండేవీ ఇదే కుటుంబపు రసాయనాలు. అంటే ఇవాళ గోటి సరదా రేపటి వైద్యానికి అడ్డు రావచ్చు. ‘హెమా’ అనే మిథాక్రిలేట్‌ ఉన్న గోళ్ల ఉత్పత్తుల్ని ఐరోపా సమాఖ్య 2020లో నిపుణుల వాడకానికే పరిమితం చేసింది. జెల్‌ని గట్టిపరిచే ‘టీపీఓ’ని 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. కొనేటప్పుడు సీసా మీద ఈ రెండు పేర్లూ ఉన్నాయేమో చూసుకోవాలి.

అందుకే స్పాంజి పట్టుకునే ముందే గోటి చుట్టూ లిక్విడ్‌ లేటెక్స్‌ పూయాలి. అద్దడం అయ్యాక, ల్యాంపులో పెట్టకముందే దాన్ని పొరలా లాగేయాలి. లేటెక్స్‌ పడనివాళ్లు దాని జోలికి పోకూడదు. అయినా చర్మానికి అంటితే ల్యాంపులో పెట్టేలోగా ఆల్కహాల్‌ దూదితో తుడిచేయాలి. పూత మందమైతే పైన గట్టిపడి లోపల పచ్చిగా మిగులుతుంది కాబట్టి పల్చదనమే రక్ష. ఏ జెల్‌కి ఆ కంపెనీ చెప్పిన ల్యాంపే వాడాలి. వాడేసిన స్పాంజిని తడిగా పారేయకుండా ఎండలో గట్టిపడనిచ్చి చెత్తలో వేయాలి. దురద మొదలైతే మాత్రం జెల్‌ మానేసి చర్మవైద్యుల్ని కలవాల్సిందే.

ల్యాంపు కాంతి చర్మానికి మంచిది కాదు. చేతులకు 20 నిమిషాల ముందు ఎస్‌పీఎఫ్‌ 30 సన్‌స్క్రీన్‌ రాయడమో, వేళ్ల చివరలు తెరిచిన గ్లవుజులు వేసుకోవడమో చేయాలి.

పీకితే గోరే పోతుంది
తీసేటప్పుడు ఓపిక కావాలి. ముందు టాప్‌కోట్‌ని ఫైలుతో తేలిగ్గా గీకి, అసిటోన్‌లో తడిపిన దూది పెట్టి ఫాయిల్‌ చుట్టాలి. పది పదిహేను నిమిషాల్లో రంగు మెత్తబడి లేస్తుంది. గోటితో పెరికితే గోరు పైపొరా దాంతోపాటే వస్తుంది. ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు ముందే తీసేయించుకోవాలి. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్‌ చూసే పరికరానికి ముదురు రంగు అడ్డొస్తుంది.

చేతిగోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఎరుపు గోటి చివరికి జరిగిపోవడం చూసినవాళ్లకు ఆ లెక్క కొత్తేమీ కాదు. ఈ గ్రానైటూ అంతే... మూడు వారాలు తిరిగేసరికి మొదట్లో ఖాళీ కనిపిస్తుంది. అప్పుడు తీసేసి, గోళ్లకు కొన్నాళ్లు విశ్రాంతినిచ్చి, మళ్లీ పండక్కి కొత్త స్పాంజి ముక్క చింపుకోవచ్చు!