ఓడలకు బుట్టిన చక్రము, ఊరి కారులో

పల్నాటి సీమలో ఈపూరు మండలమున నేడు తిరుగాడు కొత్త కార్లలో ఎన్నింటికో బానెట్టు క్రింద, ఇంజనుకు ప్రక్కగా, పొగగొట్టము మొదలి నంటిపెట్టుకొని, సుడి తిరిగిన ఇనుపకోశ మొకటి యుండును. అందులో ఒకే యిరుసునకు రెండు కొసల రెండు చిన్న చక్రములు బిగింపబడి యుండును. ఇంజనునుండి వెడలు వేడిపొగ మొదటి చక్రమును దాకి త్రిప్పగా, దానితో కూడ తిరుగు రెండవ చక్రము బయటి గాలిని లోనికి లాగి, నొక్కి, చిక్కబరచి, సిలిండర్లలోనికి బలవంతముగ నెట్టును. ఇదియే టర్బో. ఒకసారి పని కుపక్రమించినచో గంటల తరబడి, దినముల తరబడి ఆగకుండ నడచు మహాయంత్రముల కొరకు బుట్టిన ఈ సాధనము నేడు ఈపూరులో చేయుచున్న పని యేమనగా, ఉదయము పాలకేంద్రమునకును, పిమ్మట పిల్లల బడికిని, మధ్యాహ్నము పురుగుమందుల దుకాణమునకును, సాయంకాలము అగ్నిగుండాలకో కొండ్రముట్లకో పోయి, ఇంజనాయిలు పూర్తిగ వేడెక్కకముందే ఇంటిముంగిట నాగుట. దీని పుట్టుకకును నేటి బ్రతుకునకును గల ఈ వైరుధ్యమే దీనికి వచ్చు రోగములలో పెక్కింటికి మూలమని నా నిశ్చయము. కావున రోగములను జెప్పుటకు ముందు పుట్టుకను జెప్పవలసియున్నది.

స్విట్జర్లాండు దేశమున వింటర్తూరు పట్టణమున 1879లో జన్మించి, జూరిచ్ నగరమున యంత్రశాస్త్ర మభ్యసించిన ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి అను ఇంజనీరు, ఇంజనులో గాలిన ఇంధనమునుండి పుట్టిన శక్తిలో ఇంచుమించు మూడవవంతు వేడిపొగ రూపమున ఆకాశము పాలగుచుండుటను సహింపలేకపోయెను. ఆ పొగచేతనే ఒక టర్బైనును త్రిప్పించి, ఆ టర్బైనుచేత గాలిని నొక్కించి, ఆ గాలిని మరల ఇంజనుకే త్రాగించినచో, అంతే కొలత గల ఇంజను ఎంతయో అధికముగ బలమిచ్చునని యోచించి, 1905లో ఆయన దానికి పేటెంటు పొందెను. ఇంజను బలమంతయు అది పీల్చు గాలిని బట్టియే యుండును. ఇంధనము నెంతయైన పోయవచ్చును గాని, దానిని మండించుటకు జాలిన గాలి సిలిండరులో జొరకున్నచో అది నల్లని పొగ యగునే గాని బలము కాజాలదు. ఆలోచన యిట్లు సులభముగ దోచినను, అంత వేడికి తాళగల లోహమును, అంత వేగమునకు నిలువగల ఇరుసును ఆనాడు లభింపలేదు. ఇరువది సంవత్సరముల పరిశ్రమ పిమ్మట, 1926 ప్రాంతమున, జర్మనీకి జెందిన ‘ప్రోయిసెన్’, ‘హన్సెస్టాట్ డాన్‌ట్సిగ్’ అను రెండు ప్రయాణికుల ఓడలలో బ్యూఖి స్వప్నము ఫలించెను. ఆ ఓడల పది సిలిండర్ల డీజిలు ఇంజనులు టర్బో లేక 1750 అశ్వశక్తి నీయగలిగినవి కాగా, టర్బోతో 2500 అశ్వశక్తి నిచ్చెను. ఓడ యింజనుకు మాటిమాటికి ఆగుట యనునది లేదు. రేవు విడిచినది మొదలు రేవు చేరుదాక ఒకే వేగమున, ఒకే వేడిమితో, కాగిన నూనెలో మునిగి ఆ చక్రము తిరుగుచుండును. టర్బోకు సహజమైన జీవిత మదియే.

ఇంతలో అమెరికాలో ఇదే సాధనము వేరొక త్రోవను బట్టినది. ఎత్తునకు బోయినకొలది గాలి పలుచనై విమానపు ఇంజనులు నీరసించుచుండగా, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలోని శాన్‌ఫర్డ్ మాస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి టర్బోయే ఔషధమని నిరూపింపదలచి, 1918లో లిబర్టీ ఇంజను నొకదానిని లారీపై నెక్కించి, కొలరాడో రాష్ట్రమున 14 వేల అడుగులకు మించిన పైక్స్ పీక్ శిఖరమునకు గొనిపోయెను. క్రింద నేలమీద 350 అశ్వశక్తి నొసగిన ఆ ఇంజను కొండకొమ్మున 230కి దిగజారగా, టర్బో తగిలించినంతనే 356 అశ్వశక్తి నిచ్చి, చూడవచ్చినవారి సందేహములను దీర్చెను. రెండవ ప్రపంచయుద్ధమున బి-17 బాంబరులును, పి-47 యుద్ధవిమానములును ఆకాశమున అంత యెత్తున మనగలుగుట ఈ చక్రముల చలువయే. 1938లో స్విస్ దేశపు సౌరర్ సంస్థ దీనిని లారీ కెక్కించెను. మన రైలు పట్టాలపై 1962 మొదలు దశాబ్దముల కాలము దేశమంతటిని లాగిన డబ్ల్యు.డి.ఎం.-2 డీజిలు ఇంజను 2600 అశ్వశక్తి నిచ్చుచుండుట కూడ టర్బో సహాయముననే.

సామాన్యుని కారులో టర్బో అడుగిడిన కథ ఇక్కడ కొంత వివరముగ జెప్పదగినది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ వారు ‘జెట్‌ఫైర్’ అను కారును విడుదల చేసిరి. నొక్కబడిన గాలి వేడెక్కుటచే పెట్రోలు అకాలమున అంటుకొని ఇంజను దెబ్బతినకుండ, మెథనాలును శుద్ధజలమును గలిపిన ద్రవమును సన్నగ చిమ్ము ఏర్పాటు అందులో గలదు. ఆ ద్రవమును యజమాని అప్పుడప్పుడు తొట్టిలో పోసికొనవలెను. చేయవలసిన సేవ అంతియే. అయినను పలువురు యజమానులు దానిని పోయుటయే మానిరి. ద్రవము ఉడిగినప్పుడు కారు తనంత తాను టర్బో బలమును తగ్గించుకొనుచుండగా, ‘ఇందు వేగమే లేదు’ అని వారు నిందించిరి. తుదకు 1965లో ఆ సంస్థ వారే, కోరినవారికి టర్బో నూడదీసి మామూలు కార్బురేటరును బిగించి పంపసాగిరి. యంత్రమున దోషములు లేకపోలేదు గాని, దాని పతనమునకు ప్రధానహేతువు సేవాలోపమే యని నే ననుకొందును. టర్బో కారును గొనువారు, అమ్మువారు సైతము, ఈ కథను మరువరాదు.

తరువాతి చరిత్రను త్వరగ దాటవచ్చును. 1978లో మెర్సిడెస్ సంస్థ డీజిలు కారునకు టర్బో నమర్చెను. మన దేశమున 2007లో వచ్చిన డీజిలు స్విఫ్టుతో అది పల్లెల కెక్కెను. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.6 వాహన కాలుష్య నిబంధన లమలులోనికి రాగా, చిన్న డీజిలు ఇంజనులు పెక్కు మూలబడి, వాని స్థానమును టర్బో పెట్రోలు ఇంజనులు గ్రహింపసాగినవి. తళ్ళికోట యుద్ధానంతరము విజయనగర రాజ్యమునకు రాజధానియైన పెనుకొండ చెంతనే, ఎర్రమంచి గ్రామమున గల కియా కర్మాగారమునుండి 2020 సెప్టెంబరున వెలువడిన సోనెట్ కారులో ఒక తరగతికి 998 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజను గలదు. దాని బలము 120 అశ్వశక్తి. లీటరైనను నిండని ఇంజను ఇంత బలము నిచ్చుట బ్యూఖి కాలమున నెవరును నమ్మియుండరు.

ఇక ఆ ఇనుపకోశము లోనికి దొంగిచూతము. చిన్న కారులోని టర్బో ఇరుసు గట్టిగ తోలునప్పుడు నిమిషమునకు రెండు లక్షల మారులు సయితము తిరుగును. దాని కొక కొసను 900 డిగ్రీలకు జేరు పొగ, వేరొక కొసను బయటి గాలి. నడుమనున్న ఇరుసునకు బాల్ బేరింగులు సాధారణముగ నుండవు. మిల్లీమీటరులో కొన్ని నూరవవంతుల సందున ఇంజనునుండి ఒత్తిడితో వచ్చు ఆయిలు పొర మీదనే అది తేలుచు తిరుగును. లోహము లోహమును దాకదు, దాకినచో క్షణములలో చెడును. కావున టర్బో బ్రతుకంతయు ఆ ఆయిలు పొరలో నున్నదనుట అక్షరసత్యము. ఆయిలు పలుచబడినను, మురికిపడినను, ఆలస్యముగ వచ్చినను, మొదట అనుభవించునది టర్బోయే.

రెంటచింతల యెండ రాష్ట్రమంతట పేరుమోసినది. వేసవిలో 45 డిగ్రీలను దాటు ఈ సీమలో ఇంజను వేడెక్కుట కాలస్యమేమని పలువురు తలంతురు. అది భ్రమ. ఇంజనాయిలు తన పనికి దగిన స్థితిని బొందుటయు, తనలో జేరిన నీటిని, పెట్రోలును ఆవిరిగ వెడలగొట్టుకొనుటయు 90 డిగ్రీలకు అటునిటుగ మాత్రమే జరుగును. ఎంత మండుటెండయైనను అందులో సగమునకే వచ్చును. పైగా డాష్‌బోర్డుమీది ముల్లు చూపునది నీటి వేడిని గాని ఆయిలు వేడిని గాదు. ముల్లు నడిమికి వచ్చిన పిదపను ఆయిలు కాగుటకు మరికొన్ని కిలోమీటర్లు పట్టును. ఆ కిలోమీటర్లు రాకముందే పాలకేంద్రము వచ్చును.

అట్టి చిన్న ప్రయాణములలో జరుగునది కంటికి గనబడదు. చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువగ చిమ్మబడును. సిలిండరులోనికే సూటిగ చిమ్ము నేటి ఇంజనులలో ఆ పెట్రోలు కొంత గోడల కంటుకొని, పిస్టను రింగులను దాటి, అడుగున నున్న ఆయిలు చాంబరులోనికి జారును. ఒక లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు ఒక లీటరు నీరు పుట్టును. అందులో అధికభాగము ఆవిరిగ సైలెన్సరు దారిన బోవును గాని, కొంత రింగుల సందున దూరి, మార్గశిర పుష్యమాసముల చలియుదయములందు చల్లని లోహముపై చెమ్మగ నిలుచును. వేసవిలో నీటి బాధ తక్కువయే గాని పెట్రోలు బాధ పన్నెండు నెలలును దప్పదు. ఉదయమున కారు చల్లగ నున్నప్పుడు, చదునైన నేలపై నిలిపి, ఆయిలు గేజీని బయటికి దీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి తీసి చూడుడు. ఆయిలు పై గీతను దాటియున్నను, ముక్కుకు పెట్రోలు వాసన సోకినను, ఇంజనులో ఆయిలు పెరిగెనని సంతసింపరాదు. దానిలో పెట్రోలు గలిసినది, దాని చిక్కదనము పోయినది, రెండు లక్షల మారులు తిరుగు ఇరుసును మోయుశక్తి అందు సన్నగిల్లినది. ఆయిలు పోయు మూతను విప్పినప్పుడు లోపలి వైపున తెల్లని జిడ్డు కనబడినచో నీరు జేరినదని యెరుగవలెను.

దీనికి విరుగుడు రెండు మాటలలో నున్నది. వారమున కొకసారి యైనను వినుకొండ దాటి, లేదా నరసరావుపేటదాక, ఒక్క బిగిని అరగంటకు దక్కువ గాకుండ కారును నడుపవలెను. ఆయిలును కిలోమీటర్ల లెక్కన గాక నెలల లెక్కన మార్చవలెను. కారుతో వచ్చిన పుస్తకములో ‘కఠిన పరిస్థితులు’ అను శీర్షిక క్రింద చిన్న ప్రయాణములకును, దుమ్ము దారులకును తక్కువ గడువు వేరుగ జెప్పబడియుండును. ఈపూరు కారునకు ఆ రెండును వర్తించును. ఏడాదికి నాలుగువేల కిలోమీటర్లు కూడ తిరుగలేదని ఆయిలును రెండేండ్లు ఉంచువారు పొదుపు చేయుచున్నామనుకొందురు గాని, అట్లు మిగిలిన సొమ్ము కొత్త టర్బో వెలలో ఏమూలకును జాలదు. ఆయిలు కూడ పుస్తకమున జెప్పిన తరగతిదే కావలెను. 2020లో వచ్చిన ఏ.పి.ఐ. ఎస్.పి. తరగతి, టర్బో పెట్రోలు ఇంజనులలో తక్కువ వేగమున కలుగు అకాలదహనమును అరికట్టుటకు గూడ ఉద్దేశింపబడినది. ఆ దహనమును మనమును బిలువరాదు. పైగేరులో మెల్లగ బోవుచు, గేరు తగ్గించుటకు బద్ధకించి, ఒక్కసారిగ యాక్సిలరేటరును నేలదాక త్రొక్కుట పిస్టనులకు ప్రమాదకరము.

డీజిలు కారు గలవారికి వేరొక చిక్కు గలదు. బి.ఎస్.6 డీజిలు కారులో పొగమసిని బట్టి యుంచు జల్లెడ యొకటి పొగగొట్టమున నుండును. అది నిండినప్పుడు, పొగను 600 డిగ్రీలదాక వేడిచేసి, ఆ మసిని ఇంజనే కాల్చివేయును. ఆ కాల్పు జరుగుటకు కొంతసేపు ఆగని పరుగు కావలెను. నడుమ కారు నాపినచో పని సగములో నిలిచి, అందుకై అదనముగ చిమ్మిన డీజిలు ఆయిలులోనికి దిగును. ఇట్లు పలుమారులు జరిగిన పిమ్మట డాష్‌బోర్డుపై దీపము వెలుగును. ఆ దీపమును జూచినవెంటనే పెద్దరోడ్డెక్కి, ఇరువది నిమిషములు నిలుకడగ తోలినచో అది చాలవరకు తనంత తానారును. దీపమును నిర్లక్ష్యము చేసినవారికి మిగులునది వర్క్‌షాపు బిల్లు.

స్టార్టు చేసిన తక్షణమే రేసు నీయరాదు. ఆయిలు పైకెక్కి ఇరుసును జేరుటకు కొన్ని క్షణము లాగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెత్తగ తోలవలెను. వినుకొండనుండి గట్టిగ తోలుకొని వచ్చినప్పుడు, ఇల్లు చేరి ఒక నిమిషము ఇంజను నట్లే నడువనిచ్చి ఆపుట మంచిది. కాలుచున్న కోశములో కదలక నిలిచిన ఆయిలు, అట్లపెనము అంచున మాడిన నూనె వలె నల్లని పెచ్చులుగట్టి, ఆయిలు దారులను మూసివేయును. ఊరిలో నెమ్మదిగ తిరిగి వచ్చినప్పుడు ఈ నిరీక్షణ అక్కరలేదు. పాతకాలపు లారీ డ్రైవర్లలో కొందరికి ఇంజను నాపబోవునప్పుడు ఒక రేసు ఇచ్చి ఆపుట అలవాటు. టర్బోకు దానికంటె చేటు వేరొకటి లేదు. ఏలయన, రేసుతో ఇరుసు లక్షవేగమున తిరుగుచుండగనే ఆయిలు పంపు ఆగిపోవును.

మిరపకాయలు కల్లములపై ఆరు కాలమున, పత్తి బండ్లు కదలు కాలమున, ఈ దారుల దుమ్ము సామాన్యమైనది కాదు. గాలి ఫిల్టరు చిరిగినను, గాలి గొట్టము బిగింపు సడలినను, సన్నని ఇసుక సూటిగ చక్రము రెక్కలను దాకి అంచులను అరగదీయును. సర్వీసు గడువు రాకున్నను ఫిల్టరును నడుమ నొకసారి విప్పి చూచుట ఈ ప్రాంతమున అవసరము. టర్బో ఈల శబ్దము మునుపటికంటె హెచ్చినను, సైలెన్సరునుండి నీలిపొగ వచ్చినను, కారును తోలుట మాని మెకానిక్కునకు జూపవలెను.

కొనదలచినవారితో ఒక మాట. మీ కారు ఏడాది పొడవునను ఈపూరు పొలిమేర దాటదేని, నెలకు నాలుగుమారులైనను పెద్దరోడ్డు ఎక్కదేని, టర్బో లేని సాధారణ పెట్రోలు ఇంజను కారునే కొనుడు. దూరప్రయాణము లుండి టర్బోయే కావలెనన్నచో నిశ్చింతగ కొనుడు. గేజీని మాత్రము పదునైదు దినముల కొకసారి మీ చేతులతో మీరే తీసి చూడుడు.