వాలుగోడ మీద సైకిలు పరుగు

సైకిలు మీద మలుపు తిరిగేటప్పుడు మీరేం చేస్తారు? ఎవరూ నేర్పకుండానే లోపలివైపుకు కొంచెం వొరుగుతారు. నెమ్మదిగా వెళుతుంటే కొద్దిగా వొరిగితే చాలు. వేగంగా వెళుతుంటే బాగా వొరగాలి. ఆ మలుపులో ఇసుక పడి వుందనుకోండి, చక్రం సర్రున జారుతుంది, మోకాళ్ళు దోక్కుపోతాయి!

మరి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ, ప్రతి ఏడెనిమిది సెకన్లకూ ఒక మలుపు తిరిగే పందెగాళ్ళ సంగతేమిటి? వాళ్ళు జారిపడకుండా కట్టిన పందెపుబాటే వెలోడ్రోమ్.

దీనికి రెండు తిన్నని భాగాలు, రెండు మలుపులు వుంటాయి. ఒలింపిక్ పోటీల బాట పొడవు 250 మీటర్లు. నాలుగు చుట్లు తిరిగితే సరిగ్గా ఒక కిలోమీటరు. 2012 ఒలింపిక్స్ కోసం లండన్‌లో కట్టిన వెలోడ్రోమ్‌లో తిన్నని భాగాల వాలు 12 డిగ్రీలు, మలుపుల్లో 42 డిగ్రీలు. పెంకుటింటి కప్పు కూడా సాధారణంగా అంత వాలుగా వుండదు! ఆ బాట కోసం సుమారు 56 కిలోమీటర్ల పొడవైన సైబీరియా పైన్ చెక్కను పరిచి, దాదాపు మూడున్నర లక్షల మేకులు కొట్టారు.

వాలు ఎందుకు?

కదిలే వస్తువు తిన్నగానే పోవాలని చూస్తుంది. దాన్ని వంపు తిప్పాలంటే కేంద్రంవైపు లాగే బలం కావాలి. దీన్నే అభికేంద్ర బలం అంటారు. తాడుకు రాయి కట్టి తిప్పితే ఆ బలాన్ని తాడు ఇస్తుంది. రోడ్డు మీద సైకిలుకు ఆ బలాన్ని ఇచ్చేది టైరుకూ నేలకూ మధ్య వుండే ఘర్షణ. అయితే వేగం రెట్టింపయితే కావలసిన బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది!

లెక్క చూద్దాం. వంపు వ్యాసార్థం 23 మీటర్లు, వేగం గంటకు 54 కిలోమీటర్లు, అంటే సెకనుకు 15 మీటర్లు అనుకుందాం. అప్పుడు కావలసిన అభికేంద్ర బలం మనిషి, సైకిలు కలిసిన బరువుకు దాదాపు సమానం. చదును నేల మీద ఒక్క ఘర్షణే అంత బలం ఇవ్వడం కష్టం. చక్రం జారిపోతుంది.

బాట వాలుగా వుంటే సంగతి వేరు. చెక్క చక్రాన్ని తనకు లంబంగా నెడుతుంది. ఆ నెట్టుడులో కొంత బరువును మోస్తుంది, కొంత కేంద్రంవైపు తోస్తుంది. మనం లెక్కవేసిన వేగానికి సైకిలు 45 డిగ్రీలు వొరగాలి. బాట వాలు కూడా దాదాపు అంతే! చూసేవాళ్ళకు పందెగాడు పడిపోతున్నట్టుంటాడు. కాని బాటకు అతను నిటారుగానే వున్నాడు.

'నిదానమే ప్రధానం' అన్న సామెత ఇక్కడ చెల్లదు. మలుపులో వేగం బాగా తగ్గితే సైకిలు కిందికి జారుతుంది. అందుకే కొత్తవాళ్ళు ముందు లోపలి చదును భాగంలో తిరిగి, వేగం అందుకున్నాకే వాలు ఎక్కుతారు.

ఈ సైకిళ్ళకు బ్రేకులుండవు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే వుంటాయి. పెడళ్ళను కాళ్ళతో అదిమి, క్రమంగా వేగం తగ్గించుకోవాలి. వెనకవాళ్ళు ఒకరినొకరు తాకేంత దగ్గరగా వస్తుంటారు కాబట్టి, ముందున్నవాడు గబుక్కున ఆగితే అందరూ కూలినట్టే!

వాలు ఇంకో విధంగానూ పనికొస్తుంది. స్ప్రింట్ పందెంలో ఆటగాళ్ళు వాలు పైకెక్కి, అదను చూసి కిందికి దూకుతారు. పైనున్నప్పటి స్థితిజ శక్తి కిందికి దిగేసరికి గతిజ శక్తిగా మారుతుంది. 54 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు మూడు మీటర్ల ఎత్తు దిగితే, గాలి అడ్డు లేదనుకుంటే, వేగం 60 దాటుతుంది.

కప్పు ఎందుకు?

చదును బాటలో ఇంత వేగంగా పోయే పందెగాడి శ్రమలో పదింట తొమ్మిది పాళ్ళు గాలిని చీల్చడానికే సరిపోతుంది. ఆరుబయట ఎదురుగాలి వల్ల పోయే కాలం, వెనకగాలి వల్ల కలిసొచ్చే కాలం కంటే ఎక్కువ. పైగా వాన పడితే వాలు మీద చక్రం నిలవదు. కప్పు వేస్తే ఈ రెండు బాధలూ తప్పుతాయి. లోపల గాలిని వెచ్చబరచవచ్చు కూడా. లండన్‌లో ఒలింపిక్స్ నాడు సుమారు 28 డిగ్రీల వెచ్చదనం వుంచారు. 20 డిగ్రీల గాలి కంటే 28 డిగ్రీల గాలి నూటికి రెండున్నర పాళ్ళకు పైగా పలచన. సెకనులో వెయ్యో వంతుతో గెలుపోటములు తేలే ఆటలో అది చిన్న లాభం కాదు!

1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఒలింపిక్స్‌లో ఈ పందేలు ఆరుబయటే జరిగాయి. 1976లో మాంట్రియల్‌లో కప్పు కిందికి వచ్చాయి. ఒక గంటలో ఎంత దూరం పోగలరన్న పందెం చూడండి. 1972లో బెల్జియం వీరుడు ఎడీ మెర్క్స్ గాలి పలచగా వుండే మెక్సికో నగరానికి వెళ్ళి, ఆరుబయట 49.431 కిలోమీటర్లు తొక్కాడు. 2022లో ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా స్విట్జర్లాండులోని గ్రెంకెన్ వెలోడ్రోమ్‌లో, కప్పు కింద, 56.792 కిలోమీటర్లు తొక్కాడు. అంటే 227 చుట్లు! సైకిలు, దుస్తులు, కూర్చునే తీరు మెరుగుపడటమూ ఇందుకు తోడయింది.

మన దేశంలో

2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో కప్పులేని వెలోడ్రోమ్ కట్టారు. 2010 కామన్వెల్త్ క్రీడలకు ఢిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియం ఆవరణలో కప్పున్న చెక్క వెలోడ్రోమ్ లేచింది. 2019లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో ఎసో ఆల్బెన్, రొనాల్డో సింగ్ వున్న మన జట్టు టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచింది. సాధనకు సరైన బాట వుంటే మన కుర్రాళ్ళు ఎవరికీ తీసిపోరన్నమాట!

చేసి చూడండి

గుండ్రటి అడుగున్న గిన్నెలో ఒక గోలీ వేసి, గిన్నెను చేత్తో గుండ్రంగా తిప్పండి. గోలీ వేగం పెరిగేకొద్దీ గిన్నె గోడ మీదికి ఎక్కుతుంది. తిప్పడం ఆపితే మెల్లగా అడుగుకు జారుతుంది. గోలీకి అంచు దగ్గర వాలు ఎక్కువా, అడుగున ఎక్కువా? అది ఎక్కువ వేగంలో పైకే ఎందుకు పోయింది? ఆలోచించండి. వెలోడ్రోమ్ మలుపుల వాలు రహస్యం మీ గిన్నెలోనే వుంది!