మొదటి హెచ్చరిక దగ్గరే ఆగుదాం

గోదావరికి వరద వచ్చిందంటే అందరి చూపూ ధవళేశ్వరం మీదే. కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. మూడో హెచ్చరిక వచ్చాక సామాను సర్దుకుందామనుకునే లంకవాసి ఉండడు. 1986 ఆగస్టులో ఇక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గట్లు తెగి ఊళ్లు మునిగిన సంగతి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. గట్టు ఒక్కసారిగా తెగదు. ముందు ఎక్కడో చిన్న ఊట పుడుతుంది. దాన్ని చూసి వెంటనే ఇసుక బస్తా వేసినవాడు ఊరిని కాపాడతాడు.

జ్ఞానియైన సొలొమోను కలహాన్ని సరిగ్గా ఇలాంటి ఊటతోనే పోల్చాడు. అది పెరగకముందే వివాదాన్ని విడిచిపెట్టమన్నాడు (సామెతలు 17:14). గోదావరి గట్టున పుట్టి పెరిగిన మనకు ఈ మాట మరొకరు వివరించనక్కర్లేదు. అయితే సినిమా హీరోల గురించి వాదించుకునేటప్పుడు మాత్రం మనవాళ్లు దీన్ని మరచిపోతున్నారు.

మన డెల్టాలో సినిమా మాట వినపడని టీ కొట్టు ఉండదు. 2001 సంక్రాంతికి నరసింహనాయుడు, మృగరాజు ఒకే రోజున విడుదలయ్యాయి. 2023 సంక్రాంతికి వీరసింహారెడ్డి, వాల్తేరు వీరయ్య ఒక్కరోజు తేడాతో వచ్చాయి. ఇరవై రెండేళ్లు గడిచినా హీరోలు వాళ్లే, వాదనా అదే. 2023లో వచ్చిన ఆ రెండు సినిమాలనూ తీసింది ఒకే నిర్మాణ సంస్థ. అభిమానులు రెండు జట్లుగా విడిపోయి గొంతు చించుకున్నా, టికెట్టు డబ్బు చేరింది ఒక్క గడపకే!

ఒక సినిమా నచ్చడం, నచ్చలేదని చెప్పడం తప్పు కాదు. అభిప్రాయం లేని మనిషి ఉండడు. కానీ ఈ వాదనలకూ మూడు హెచ్చరికలున్నాయి. 'ఆ సినిమా బాగాలేదు' అన్న మాట 'మీ హీరోకి నటన రాదు' అని మారితే మొదటి హెచ్చరిక. హీరోను వదిలి 'అసలు నీకేం తెలుసురా' అని ఎదుటివాడి మీదికి వస్తే రెండోది. అతని తల్లిదండ్రుల మీదికి, కులం మీదికి మాట వెళితే మూడోది. అప్పటికి సినిమా ఎప్పుడో కొట్టుకుపోయింది, గట్టు తెగడమే మిగిలింది.

ఇది అతిశయోక్తి అనుకోవద్దు. 2016 ఆగస్టులో కర్ణాటకలోని కోలారులో అవయవదాన కార్యక్రమానికి వెళ్లిన తిరుపతి యువకుడు ఇద్దరు హీరోల అభిమానుల మధ్య రేగిన గొడవలో కత్తిపోటుకు బలయ్యాడు. 2023 ఏప్రిల్‌లో మన పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో రంగులు వేసే పనికి వెళ్లిన ఇద్దరు స్నేహితుల మధ్య వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన హీరో వీడియో దగ్గర మాట మొదలై, ఒకరి ప్రాణం పోయింది. చంపినవాడికీ చచ్చిపోయినవాడికీ ఆ హీరోలతో ఏ బంధుత్వమూ లేదు. ఆ ఇద్దరి మధ్య ఉన్నది స్నేహం. తెగిపోయిందీ అదే. అంతకు నెల రోజుల ముందే, పోటీ అభిమానులున్న ఇద్దరు హీరోలు భుజాలు కలిపి ఆడిన నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చిందని మనమంతా ఒక్కటై పండుగ చేసుకున్నాం.

హీరోలు కలిసే ఉంటారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానులు తగువులాడుకున్న రోజుల్లోనే వారిద్దరూ మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962) వంటి చిత్రాల్లో కలిసి నటించారు. కొరింథు సంఘంలోనూ ఇదే జరిగింది. కొందరు పౌలు పక్షమన్నారు, కొందరు అపొల్లో పక్షమన్నారు (1 కొరింథీ 1:12). కానీ పౌలు, అపొల్లోల మధ్య పోటీ ఉందా? లేదు. కొరింథుకు వెళ్లిరమ్మని అపొల్లోను బతిమాలింది పౌలే (16:12). తాను నాటితే అపొల్లో నీరు పోశాడనీ, పెంచింది దేవుడేననీ చెప్పాడు (3:6).

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికీ అతని శిష్యులు ఇలాంటి ఫిర్యాదే తెచ్చారు. అందరూ యేసు దగ్గరికే వెళుతున్నారన్నది వారి బాధ. మన భాషలో చెప్పాలంటే, మన థియేటరు ఖాళీ అవుతోందని! యోహాను వారిని రెచ్చగొట్టలేదు. తాను పెండ్లికుమారుని స్నేహితుణ్ణి మాత్రమేననీ, ఆయన హెచ్చాలి, తాను తగ్గాలనీ చెప్పాడు (యోహాను 3:26-30). ఊటకు ఇసుక బస్తా వేయడమంటే ఇదే.

ఇంత చెప్పాక మన సంగతీ చూసుకోవాలి. థియేటరు దగ్గర ఈలలు వేసేవారిని చూసి పెదవి విరిచే మనం, చర్చి ఆవరణలో ఏం మాట్లాడుకుంటున్నాం? మా బోధకుడి సభకు ఎక్కువ జనం వచ్చారా, మీ బోధకుడి సభకా? ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు గొప్పవా, కీబోర్డు మీద వాయించే కొత్త పాటలా? ఫలానా గాయకుడి పాటను ఎంతమంది చూశారు? పేర్లు మారాయి గానీ ఇదీ అభిమాన సంఘమే. అపొస్తలుడు కొరింథువారిని నిలదీసింది ఇందుకే.

మరి అభిమానాన్ని చంపుకోవాలా? అక్కర్లేదు. 1847లో ధవళేశ్వరంలో ఆనకట్ట మొదలుపెట్టిన సర్ ఆర్థర్ కాటన్ గోదావరిని ఎండగట్టలేదు. 1852 నాటికి కట్టడం పూర్తిచేసి, వృథాగా సముద్రంలో కలిసే నీటిని కాలువల్లోకి మళ్లించాడు. ఆ దారిలోనే నేడు సుమారు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పారేది ఒకే నీరు. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలయ్యాక ఎందరో అభిమానులు తమ హీరో పేరుతో రక్తమిచ్చారు. కొట్లాటలో కారిపోయే రక్తం మరొకరి ప్రాణం నిలబెడితే, అదీ కాలువలోకి మళ్లిన అభిమానమే.

తమ్ముళ్లారా, ఈసారి సినిమా మీద మాట వస్తే నచ్చింది నచ్చిందని హాయిగా చెప్పండి. గొంతు పెరుగుతోందనిపిస్తే, 'సరేలే అన్నా, టీ తాగుదాం' అనండి. వాదనలో ఓడిపోయారని ఎవరైనా నవ్వినా పర్వాలేదు. స్నేహితుణ్ణి గెలుచుకున్నారు గదా! సమాధానపరచువారు ధన్యులని చెప్పిన ప్రభువు ఆ టీ కొట్టు దగ్గర కూడా మనల్ని చూస్తూనే ఉంటాడు.