శ్రామికబంధువు గిరి

ఒక కర్మాగారములో వేయిమంది పనిచేయుచున్నారనుకొందము. కూలి చాలదని వారందురు. అంతకంటె ఇచ్చుకొనజాలనని యజమాని యనును. ఇట్టి తగవు తీరుటకు మార్గములు మూడు. మొదటిది బలప్రయోగము: పనివారు సమ్మె కట్టుదురు, లేదా యజమాని తలుపులు మూసి వారిని వెలుపల నిలుపును. రెండవది సంప్రతింపు: ఉభయపక్షముల ప్రతినిధులును ఒకచోట కూర్చుండి, పట్టువిడుపులతో ఒక ఒప్పందమునకు వత్తురు. మూడవది తీర్పు: ప్రభుత్వము నియమించిన న్యాయాధికారి ఇరువురి వాదములను విని నిర్ణయము చెప్పును. వీనిలో రెండవదే శ్రేష్ఠమని జీవితమంతయు చాటి, మూడవదాని గౌరవము నిలుపుటకై కేంద్రమంత్రి పదవిని వదలుకొనిన మహనీయులు వరాహగిరి వెంకటగిరిగారు.

గిరిగారు 1894వ సంవత్సరము ఆగష్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. నేడు ఒడిశా రాష్ట్రములోనున్న ఆ పట్టణము అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో చేరియుండెను. తండ్రి జోగయ్యపంతులుగారు పేరుపొందిన న్యాయవాది, తల్లి సుభద్రమ్మగారు. తండ్రివలెనే న్యాయవాది కాగోరి గిరిగారు 1913లో ఐర్లండు దేశములోని డబ్లిన్ నగరమునకు వెళ్ళిరి.

ఐర్లండు అప్పుడు ఆంగ్లేయుల ఏలుబడిలో నుండెను. ఆ సంవత్సరముననే డబ్లిన్ కార్మికులకును యజమానులకును పెద్ద సంఘర్షణము జరిగెను. సంఘములో చేరినవారిని యజమానులు పనిలోనికి రానీయలేదు. వేలకొలది కుటుంబములు పస్తులుండవలసివచ్చెను. జేమ్స్ కానలీ ఆ కార్మికుల నాయకులలో ఒకడు. 1916లో ఐరిష్ దేశభక్తులు జరిపిన ఈస్టరు తిరుగుబాటు విఫలముకాగా, ప్రభుత్వము కానలీని కాల్చి చంపించెను. ఆ జాతీయవాదులతో సంబంధము కలదను శంకచే గిరిగారు ఆ సంవత్సరముననే ఐర్లండు విడువవలసివచ్చెను. న్యాయశాస్త్రముతోపాటు దేశస్వాతంత్ర్యము, కార్మికసంఘము అను రెండు ఆశయములను వారు అచటినుండి వెంట తెచ్చుకొనిరి.

స్వదేశమునకు వచ్చి బరంపురమున న్యాయవాదవృత్తి నారంభించిన గిరిగారు, గాంధీజీ పిలుపు విని సహాయనిరాకరణోద్యమములో చేరి ఆ వృత్తిని త్యజించిరి. మద్యపు దుకాణముల యెదుట పికెటింగు జరిపి 1922లో కారాగారమునకు పోయిరి. పిమ్మట వారి దృష్టి బరంపురము మీదుగా పోవు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులపైకి మరలెను. ఎండలో పట్టాలు సరిచేయు కూలి ఒక్కడుగా పోయి జీతము పెంచుమని అడిగినచో వినువాడెవడు? ఉన్న పనియు ఊడును. గడ్డిపరకలన్నియు చేరి పేనినపుడే ఏనుగును కట్టగల త్రాడగును. కార్మికసంఘమునకు మూలసూత్ర మిదియే. 1927లో ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారములలో పనివారిని తగ్గింపబూనగా జరిగిన పోరాటమునకు గిరిగారు నాయకత్వము వహించిరి. అఖిలభారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలో వారొకరు. అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు 1926లోను, 1942లోను అధ్యక్షులైరి. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశమునకును, 1931లో లండనులో జరిగిన రెండవ రౌండుటేబిలు సమావేశమునకును భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళిరి.

1934లో గిరిగారు కేంద్ర శాసనసభ సభ్యులైరి. 1937లో మద్రాసు రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు వచ్చినపుడు బొబ్బిలి స్థానమునుండి పోటీచేసిరి. ప్రత్యర్థి సామాన్యుడు కాడు. జస్టిస్ పార్టీ నాయకుడు, రాష్ట్ర ప్రధానమంత్రియు అయిన బొబ్బిలి రాజాగారే. ఆనాడు వయోజనులందరికిని ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు మొదలగు అర్హతలు గలవారికే కలదు. అట్లయ్యును, రాజాగారి సొంత గడ్డమీదనే గిరిగారు విజయము పొందిరి. రాజాజీ మంత్రివర్గములో కార్మిక, పరిశ్రమల శాఖలు వారికి లభించెను. యుద్ధవిషయమున భారతీయుల సమ్మతి అడుగలేదను కారణముచే 1939లో కాంగ్రెసు మంత్రులందరు రాజీనామా చేసిరి. క్విట్ ఇండియా ఉద్యమకాలమున గిరిగారు మరల చెరసాల పాలైరి. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గములో తిరిగి మంత్రియై, 1947నుండి 1951వరకు సింహళమున భారత హైకమీషనరుగా నుండిరి.

1952లో పాతపట్నం ప్రజలు వారిని లోకసభకు ఎన్నుకొనిరి. నెహ్రూగారు వారిని కేంద్ర కార్మికమంత్రిగా నియమించిరి. తగవు వచ్చిన ప్రతిసారియు న్యాయాధికారి కడకు పరుగిడుటకంటె, ఉభయులును స్వయముగా మాటలాడుకొని తీర్చుకొనుట మేలని గిరిగారు బోధించిరి. అప్పుడు ఓడినవా డెవడును ఉండడు; మరునాడు ఒకేచోట కలిసి పనిచేయుటయు సులభమగును. దీనినే ‘గిరి పద్ధతి’ అని పిలిచిరి.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల వివాదము వారికి పరీక్షగా వచ్చెను. జీతభత్యములను గూర్చిన ఆ తగవుపై 1950లో ఒక ట్రిబ్యునలు చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 1951లో కొట్టివేసెను. రెండవ ట్రిబ్యునలు 1953లో మరల తీర్పు చెప్పెను. దానిపై అప్పీలు పోగా, కార్మిక అప్పీలు ట్రిబ్యునలు 1954 ఏప్రిల్‌లో తన నిర్ణయమును ప్రకటించెను. కాని ఆగష్టులో ప్రభుత్వము ఆ నిర్ణయమును సవరించి, ఉద్యోగులకు లభించిన దానిలో కొంత తగ్గించెను. అంతటి భారమును అన్ని బ్యాంకులును మోయజాలవని ప్రభుత్వవాదము. ఆ వాదమును తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. కాని గిరిగారు చూచినది వేరొక విషయము. ‘సమ్మె చేయకుడు, ట్రిబ్యునలు కడకు పొండు’ అని కార్మికులకు చెప్పునది ప్రభుత్వము. వారు ఏండ్ల తరబడి ఓర్పుతో తెచ్చుకొనిన తీర్పును ప్రభుత్వమే మార్చినచో, ఇక చట్టమును నమ్మువాడెవడు? ట్రిబ్యునళ్ళపై తమకు మక్కువ లేకున్నను, వెలువడిన తీర్పు చెల్లవలెనని గిరిగారు తలచి, మంత్రిపదవికి రాజీనామా యిచ్చిరి. తరువాత ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. న్యాయమూర్తి గజేంద్రగడ్కర్‌గారి అధ్యక్షతను ఆ సంఘము చేసిన సిఫారసుల మేరకు 1955లో పార్లమెంటు చట్టము చేసెను.

తీర్పు తనకు ప్రతికూలముగా వచ్చినపుడు కూడ మనుష్యుని నిష్ఠ తెలియును. 1957లో పార్వతీపురము ద్విసభ్య స్థానములో గిరిగారు స్వల్పమైన తేడాతో ఓడిరి. అచట రెండు స్థానములలో ఒకటి షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది; కాని రెండును ఆ తెగలవారికే దక్కెను. రెండవది తమకు రావలెనని గిరిగారు న్యాయస్థానము నాశ్రయించిరి. సాధారణస్థానము అందరిదియు గనుక, తెగలవారును దానిని గెలువవచ్చునని 1959లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. గిరిగారి ఓటమివలన బలహీనవర్గముల హక్కు ఒకటి స్థిరపడెను.

ఆపై వారు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగను, 1967లో ఉపరాష్ట్రపతిగను ఉండిరి. 1969లో స్వతంత్రాభ్యర్థిగా నిలిచి, రెండవ ప్రాధాన్యపు ఓట్లను లెక్కించిన పిమ్మట నీలం సంజీవరెడ్డిగారిపై గెలిచి రాష్ట్రపతియైరి. ఆ ఎన్నిక చెల్లదని వ్యాజ్యము రాగా, 1970లో రాష్ట్రపతి పదవిలో నుండియే సుప్రీంకోర్టునకు పోయి సాక్ష్యమిచ్చిరి. కోర్టు ఆ వ్యాజ్యమును కొట్టివేసెను.

అయినను వారి కథలో ఒక వేదన కలదు. 1974 మే నెలలో దేశవ్యాప్తముగా రైల్వే కార్మికులు సమ్మె చేసిరి. ప్రభుత్వము దానిని కఠినముగా అణచి, వేలకొలది కార్మికులను నిర్బంధించెను. రైల్వే కార్మికులను సంఘటితపరచిన పెద్దయే అప్పుడు రాష్ట్రపతి. మంత్రివర్గపు సలహా ననుసరింపవలసిన ఆ పీఠమునుండి వారు చేయగలిగినది స్వల్పము. మంత్రిగా నున్నప్పుడు పదవిని విడిచిన గిరిగారు రాష్ట్రపతిగా ఏల విడువలేదని విమర్శించినవారును, పదవీధర్మము వేరని సమర్థించినవారును కలరు.

1975లో గిరిగారికి భారతరత్న బిరుదము లభించెను. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో వారు దివంగతులైరి. జాతీయ కార్మిక సంస్థకు నేడు వారి పేరే కలదు. పదవులు పొందినవారు అనేకులు. ఇతరులకిచ్చిన మాట చెల్లలేదని పదవిని విడిచినవారు అరుదు. న్యాయము కోరి వచ్చినవాడు నమ్మి మోసపోరాదనునదియే వారికి ముఖ్యము.