తీపి వేరు, చక్కెర వేరు

తీపి అంటే చక్కెర, చక్కెర అంటే తీపి. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన లెక్క ఇంతే. మాది నిజామాబాద్ జిల్లాలో బోధన్ పక్కన ఒక పల్లె. అక్కడ 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ పేరు వినని వారు ఉండరు. నా చిన్నతనంలో మా చేలో చెరకు ఉండేది. బడి నుంచి వస్తూ ఒక గడ విరిచి నమిలితే అదే మాకు సాయంత్రపు ఫలహారం. 2015 చివర ఫ్యాక్టరీ మూతపడింది. మా బాపు చెరకు మాని వరి పట్టాడు.

మా అన్నకు మాదాపూర్‌లో ఉద్యోగం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఆ చుట్టుపక్కల బండరాళ్ళే కనిపించేవని పెద్దలు చెబుతారు. ఇప్పుడు గచ్చిబౌలి దాకా అద్దాల మేడలే. ఆ మేడల్లో ఒకదానిలో మా అన్న రాత్రిపూట పని చేస్తాడు. కుర్చీ, కంప్యూటర్, చాయ్ — ఇదీ అతని లోకం. ఆరోగ్య పరీక్ష చేయిస్తే కాలేయంలో కొవ్వు చేరిందన్నారు. ముప్పై ఏళ్ళు నిండని మనిషికి!

ఇది మా అన్న ఒక్కడి గొడవ కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి, ఆ ఫలితాలను 2025లో ప్రచురించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. 71 శాతం మందికి స్థూలకాయం ఉంది.

అన్న భయపడి జిమ్‌లో చేరాడు. అన్నం మానేశాడు. చాయ్‌లో చక్కెరకు బదులు తెల్లని బిళ్ళలు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఊరి నుంచి పంపిన బియ్యం బస్తా గదిలో ఒక మూల మూతి విప్పకుండానే ఉండిపోయింది. ఆ సంగతి విని బాపు నన్ను అడిగాడు: "మనం పండించిన బువ్వ తింటె రోగమొస్తదా, బిడ్డా? నువ్వు సైన్సు చదువుతున్నవు గద, చెప్పు."

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నమే.

నాలుకకు తెలిసిన తీపి

మన నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలు ఉంటాయి. వాటికి సరిగ్గా అమరిన అణువు ఏదైనా సరే, మెదడుకు "తీపి" అని కబురు పోతుంది. ఆ అణువు శరీరానికి శక్తినిస్తుందా, లేదా అన్నది నాలుకకు అక్కర లేదు. చక్కెర ప్రత్యామ్నాయాల రహస్యమంతా ఇదే.

వీటిని కనుగొన్న తీరు మన ప్రయోగశాల నియమాలకు పూర్తిగా విరుద్ధం! 1879లో అమెరికాలో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తోచింది. అది సాకరిన్. 1965లో ష్లాటర్ అనే శాస్త్రజ్ఞుడు కాగితం తీయడానికి వేలు నాకితే తీపి తగిలింది. అది ఆస్పర్టేమ్. 1976లో లండన్‌లో శశికాంత్ ఫడ్నిస్ అనే భారతీయ విద్యార్థిని ఒక పదార్థాన్ని "టెస్ట్" చేయమంటే "టేస్ట్" చేయమన్నారనుకొని నోట్లో వేసుకున్నాడట. అది సుక్రలోజ్. మిత్రులు ఈ కథలను ఆదర్శంగా తీసుకోవద్దని మనవి. వారి అదృష్టం బాగుంది, అంతే.

సుక్రలోజ్ అంటే చక్కెర అణువులో మూడు హైడ్రాక్సిల్ సమూహాలకు బదులు మూడు క్లోరిన్ పరమాణువులను అమర్చినది. చక్కెర కంటే సుమారు 600 రెట్లు తీపి. మన ఎంజైములు దాన్ని విడగొట్టలేవు గనుక చాలావరకు అలాగే బయటికి పోతుంది. ఆస్పర్టేమ్ సుమారు 200 రెట్లు తీపి. అయితే వేడికి విడిపోతుంది కాబట్టి పాయసంలో వేసి ఉడికిస్తే తీపి తగ్గిపోతుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్మసిద్ధమైన లోపం ఉన్నవారు దాన్ని అసలు తీసుకోకూడదు. స్టీవియా పరాగ్వే దేశపు మొక్క ఆకులోనిది. దాని తీపి సారాన్ని మన దేశంలో ఆహారపదార్థాల్లో వాడడానికి 2015లో అనుమతించారు.

వీటి వల్ల ప్రమాదమా? పరిమితి అనేది ఒకటి ఉంది. ఆస్పర్టేమ్ విషయంలో శరీరపు బరువు కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2023లో మళ్ళీ చెప్పింది. రోజుకు నాలుగు బిళ్ళలు వేసుకునే మనిషి ఆ గీతకు చాలా దూరంలోనే ఉంటాడు.

బిళ్ళతో ఎంత మిగులుతుంది?

ఒక చెంచా చక్కెర 5 గ్రాములనుకుందాం. దాని నుంచి వచ్చేది 20 కెలోరీలు. రోజుకు నాలుగు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాలు వేస్తే మొత్తం 160 కెలోరీలు. బిళ్ళలు వేసుకుంటే అవి మిగులుతాయి, నిజమే. కాని "చక్కెర మానేశాను కదా" అనే ధీమాతో మూడు ఉస్మానియా బిస్కెట్లు అదనంగా తింటే ఆ మిగులు దాదాపుగా చెల్లు! అందుకేనేమో, బరువు తగ్గడానికని ఈ ప్రత్యామ్నాయాలను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సలహా ఇచ్చింది. అయితే ఆ సలహా మధుమేహం ఉన్నవారిని ఉద్దేశించినది కాదు.

"షుగర్ ఫ్రీ" అని రాసిన చాక్లెట్లు, మిఠాయిల సంగతి మరొకటి. వాటిలో తరచు మాల్టిటాల్ వేస్తారు. అది చక్కెరలో సగం శక్తినిస్తుంది, ఎక్కువ తింటే కడుపు చెడుతుంది. మిఠాయిలోని నెయ్యి, మైదా ఎక్కడికీ పోవు. ఇక "బెల్లం మంచిది" అనేవారికి చెరకు రైతు బిడ్డగా చెబుతున్నాను: రుచి వేరు, గౌరవం వేరు. శక్తి లెక్కలో మాత్రం బెల్లానికీ చక్కెరకూ పెద్ద తేడా లేదు.

అన్నం మానితే

2017, 2018 సంవత్సరాల్లో మన తెలుగు రాష్ట్రాల్లో వీరమాచినేని రామకృష్ణ గారి పేరుతో కొబ్బరినూనె, నిమ్మకాయల ఆహారపద్ధతి ఊరూరా వినబడింది. ఇప్పుడు హైటెక్ సిటీలో దాని బంధువు "కీటో". పిండిపదార్థాన్ని బాగా తగ్గించి, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం రెండింటికీ మూలసూత్రం.

మొదటి నెలలో అన్న నాలుగు కిలోలు తగ్గాడు. ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. కాని అందులో కొంత నీళ్ళే. కాలేయం, కండరాలు గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని నిలవ చేసుకుంటాయి. దాని ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాముల దాకా నీరు ఉంటుంది. అన్నం మానితే ముందు ఆ నిలవ కరుగుతుంది, నీరు పోతుంది, కాటా ముల్లు దిగుతుంది. మళ్ళీ అన్నం తింటే మళ్ళీ ఎక్కుతుంది. కొవ్వు కరగడం నెమ్మది వ్యవహారం.

చిరుధాన్యాల విషయంలోనూ ఒక పొరపాటు ఉంది. జొన్నరొట్టెలో పిండిపదార్థమే లేదన్నట్టు కొందరు మాట్లాడతారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికలు చూడండి. 100 గ్రాముల తెల్లబియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు, జొన్నలో 68 గ్రాములు. తేడా అంతే. జొన్న గొప్పదనం పీచులో ఉంది: బియ్యంలో సుమారు 3 గ్రాములైతే జొన్నలో 10 గ్రాములు. పీచు ఉంటే కడుపు త్వరగా నిండుతుంది, రక్తంలోకి గ్లూకోజ్ మెల్లగా చేరుతుంది.

చేలో జరిగిన సంగతి

మా బాపుకు ఆరేళ్ళుగా షుగర్ ఉంది. మాత్రలు వేసుకుంటాడు. ఉగాదికి అన్న వచ్చి తాను బరువు తగ్గిన కథ చెప్పి, ఒక బిళ్ళల డబ్బా ఇచ్చిపోయాడు. బాపు ఎవరితోనూ చెప్పకుండా అన్నం మానేశాడు. మాత్రలు మాత్రం మానలేదు.

వానాకాలం నాట్లకు నేను ఇంటికి పోయాను. మధ్యాహ్నం బాపు గట్టు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. షుగర్ మనిషి గదా అని అమ్మ నిమ్మకాయ నీళ్ళలో ఆ బిళ్ళలే నాలుగు వేసి తాగించింది. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. బాపుకు ఏమీ తగ్గలేదు. రసాయన శాస్త్రం చదివే నేను చూస్తూ నిలబడ్డాను. చదువు రాని మా నానమ్మ పరుగున పోయి బెల్లం గడ్డ తెచ్చి నీళ్ళలో పిసికి పట్టించింది. పావుగంటకు బాపు లేచి కూర్చున్నాడు.

తర్వాత డాక్టరు గారు చెప్పారు: కొన్ని రకాల మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం మానితే రక్తంలో గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోతుంది. అప్పుడు కావలసింది తీపి కాదు, చక్కెర. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రత్యామ్నాయపు బిళ్ళ నాలుకను మోసగించగలదు గాని, ఆకలిగొన్న మెదడును మోసగించలేదు.

బాపుకు నా జవాబు

దసరాకు అన్న గదికి పోయినప్పుడు షెల్ఫులో ఒక బియ్యం ప్యాకెట్ కనబడింది. "షుగర్ ఉన్నవారికి మేలైన తెలంగాణ సోనా" అని దాని మీద రాసి ఉంది. అది రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం. దాని గ్లైసీమిక్ సూచిక 52 లోపే అంటారు. 55 వరకు ఉంటే తక్కువ కిందే లెక్క. మా చేలో పండేదీ, మూలనున్న బస్తాలోదీ అదే గింజ! ఇద్దరం నవ్వుకున్నాం. అయితే సూచిక తక్కువైనంత మాత్రాన కుప్పలు పోసుకొని తినమని కాదు. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దనీ, మిగిలినది పప్పులు, కూరలు, గింజలు, పాలు వంటి వాటి నుంచి రావాలనీ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. మన పళ్ళెంలో మాత్రం అన్నం కొండంత, పప్పు చెంచాడంత.

ఫోన్‌లో బాపుకు చెప్పాను: "రోగం బువ్వల లేదు బాపు. మనం పెట్టుకునే కుప్పల ఉంది, అన్న కూసునే కుర్చీల ఉంది."

కాసేపు మాట లేదు. "గట్లనా? అయితే ఆ బస్తా విప్పమను, పురుగు పడ్తది," అన్నాడు.

అన్న బస్తా విప్పాడు. కొలిచి వండుకుంటున్నాడు, పక్కన పప్పు, ఆకుకూర పెట్టుకుంటున్నాడు, రాయదుర్గం మెట్రో దాకా నడుస్తున్నాడు. మిత్రులారా, రేపు మనలో చాలామందిమి ఆ అద్దాల మేడల్లోకే పోతాం. మీరు బిళ్ళ వేసుకున్నా, చెంచా వేసుకున్నా, అది ఏమిటో తెలిసి వేసుకోండి. ఇంట్లో షుగర్ మాత్రలు వాడే పెద్దలుంటే మన ప్రయోగాలు వారికి నేర్పకండి. వంటింట్లో ఒక డబ్బాలో అసలైన చక్కెర ఉంచండి.